పీఎం కిసాన్, అన్నదాత సుఖీభవ, రైతు భరోసా డబ్బులు పడలేదా? ఎక్కడ ఆగాయో మీరే చూసుకుని సరిచేయించుకునే పద్ధతి

విడత డబ్బులు విడుదలైన రోజు సాయంత్రం ఏ ఊళ్లో చూసినా ఒకటే మాట. "నీకు పడ్డాయా?" పక్కింటాయన ఫోన్‌కు మెసేజ్ వచ్చి మనకు రాకపోతే ఆ రాత్రి నిద్ర పట్టదు. మర్నాడు పొద్దున్నే పాస్‌బుక్కు పట్టుకుని బ్యాంకుకు, అక్కడి నుంచి మండలాఫీసుకు, అక్కడి నుంచి మీసేవకు తిరుగుడు మొదలవుతుంది. ప్రతిచోటా "మా దగ్గర అంతా బాగానే ఉంది, అక్కడ అడగండి" అంటారు. కూలి పోతుంది, బస్సు చార్జీలు పోతాయి, పని మాత్రం కాదు.

మా ఊళ్లో పెద్దవాళ్లకు కొన్నేళ్లుగా ఈ కాగితాల పని చేసిపెడుతున్నాను. తిరగడం మొదలుపెట్టే ముందు డబ్బు ఏ మెట్టు దగ్గర ఆగిందో చూసుకుంటే చాలావరకు ఒక్క ఆఫీసుకు, ఒక్క కాగితంతో వెళ్తే సరిపోతుంది. అది ఎలా చూడాలో వరుసగా రాస్తున్నాను.

ముందు ఏ డబ్బు ఏ పథకానిదో తెలుసుకోండి

మూడింటినీ కలిపి "రైతు డబ్బులు" అనేస్తాం. కానీ ఒక్కోదానికి లెక్క వేరు, అడగాల్సిన ఆఫీసు వేరు.

పీఎం కిసాన్ కేంద్రానిది. 2019 ఫిబ్రవరి 24న మొదలైంది. ఏడాదికి 6,000 రూపాయలు, మూడు విడతల్లో 2,000 చొప్పున వస్తాయి. ఏప్రిల్ నుంచి జులై ఒక విడత, ఆగస్టు నుంచి నవంబరు రెండోది, డిసెంబరు నుంచి మార్చి మూడోది. మొదట్లో రెండు హెక్టార్ల లోపు వాళ్లకే అన్నారు, 2019 జూన్ నుంచి ఆ పరిమితి తీసేశారు. అర ఎకరం ఉన్నా, ఇరవై ఎకరాలున్నా అదే 6,000.

అన్నదాత సుఖీభవ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానిది. 2025 ఆగస్టు 2న ప్రకాశం జిల్లా దర్శి నియోజకవర్గంలో ప్రారంభించారు. ఏడాదికి 20,000 అని మనం వినే మొత్తంలో పీఎం కిసాన్ 6,000 కూడా కలిసే ఉంది. రాష్ట్రం వాటా 14,000: రెండు విడతల్లో 5,000 చొప్పున, చివరి విడతలో 4,000. అందుకే 2025 ఆగస్టులో చాలామందికి 5,000 ఒక మెసేజ్, 2,000 ఇంకో మెసేజ్ వచ్చాయి. ఒకటే వచ్చి ఇంకోటి రాకపోతే ఆగింది ఎటువైపో అప్పుడే తెలిసిపోయినట్టు. ఐదు వేలు వచ్చి రెండు వేలు రాలేదంటే అడగాల్సింది కేంద్రం పోర్టల్‌ని. రెండు వేలు వచ్చి ఐదు వేలు రాకపోతే మీ ఊరి రైతు సేవా కేంద్రానికి వెళ్లాలి.

రైతు భరోసా తెలంగాణది. 2018లో ఎకరానికి 4,000తో మొదలైన రైతు బంధు తర్వాత 5,000 అయింది. 2025 జనవరి 26 నుంచి రైతు భరోసా పేరుతో ఎకరానికి పంటకాలానికి 6,000, ఏడాదికి 12,000 చేశారు. ఇది ఎకరాల లెక్క కాబట్టి గుంటలు కూడా చూసుకోవాలి. ఎకరానికి 40 గుంటలు, అంటే గుంటకు 150 రూపాయలు. మీ పాస్‌బుక్కులో 2 ఎకరాల 10 గుంటలు ఉంటే 13,500 పడాలి. 12,000 మాత్రమే పడితే పది గుంటలు ఎక్కడో తప్పిపోయాయి. ఏ సర్వే నంబరులో తగ్గిందో అడిగే హక్కు మీకుంది.

మొదటి మెట్టు: మనం అర్హులమేనా?

ఇది ముందే చూసుకోకపోతే తర్వాత తిరిగిందంతా వృథా. పీఎం కిసాన్‌లో కుటుంబం అంటే భర్త, భార్య, మైనర్ పిల్లలు. ఆ కుటుంబానికి ఒక్కరికే డబ్బు. పెళ్లయి వేరుపడిన కొడుకు పేరున సొంతంగా పట్టా ఉంటే అతనిది వేరే కుటుంబం.

ఇంట్లో ఒక్కరు ప్రభుత్వోద్యోగి అయినా, రిటైరైనవారైనా రాదు. నాలుగో తరగతి ఉద్యోగులకు మాత్రం ఈ ఆంక్ష లేదు. నెలకు 10,000 లేదా అంతకు మించి పెన్షన్ తీసుకునేవారు, గత అసెస్‌మెంట్ సంవత్సరంలో ఆదాయపు పన్ను కట్టినవారు, ప్రాక్టీసులో ఉన్న డాక్టర్లు, ఇంజినీర్లు, లాయర్లు, చార్టర్డ్ అకౌంటెంట్లు, ఆర్కిటెక్టులు, మాజీ, తాజా మంత్రులు, ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, మేయర్లు, జిల్లా పరిషత్ చైర్మన్లు, ఎన్నారైలు కూడా అర్హులు కారు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో స్థిరపడి ఎన్నారై అయిన కొడుకు పేరున ఊళ్లో పొలం ఉంటే అతని పేరుతో దరఖాస్తు పెట్టకండి.

ఎక్కువమందికి తెలియని నిబంధన ఇంకోటుంది. 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి మీ పేరున ఉండాలి. ఆ తర్వాత కొన్నది, బతికున్న తండ్రి రాసిచ్చినది లెక్కలోకి రాదు. యజమాని చనిపోయి వారసత్వంగా వచ్చిన భూమికే మినహాయింపు. 2025లో కేంద్రం ఇలాంటి కేసుల్నీ, భార్యాభర్తలిద్దరికీ డబ్బు వెళ్తున్న కేసుల్నీ అనుమానాస్పదం కింద పెట్టి, స్వయంగా వచ్చి విచారించేదాకా చెల్లింపు ఆపింది. ఇన్నాళ్లూ వచ్చి ఒక్కసారిగా ఆగిపోయిందంటే ముందు దీన్నే అనుమానించండి. విచారణకు వచ్చిన అధికారికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అర్హత లేకుండా తీసుకున్న డబ్బు వెనక్కి కట్టించుకుంటారు. మనంతట మనమే తిరిగి కట్టడానికి పోర్టల్‌లో విడిగా అవకాశం కూడా ఉంది.

రెండో మెట్టు: పోర్టల్‌లో మూడు గళ్లు చూడండి

పీఎం కిసాన్ వెబ్‌సైట్‌లో "ఫార్మర్స్ కార్నర్" కింద "నో యువర్ స్టేటస్" అని ఉంటుంది. దానికి రిజిస్ట్రేషన్ నంబరు కావాలి. గుర్తులేకపోతే అక్కడే పైన ఉన్న లింకులో మొబైల్ నంబరు గానీ, ఆధార్ నంబరు గానీ ఇస్తే ఓటీపీ వచ్చి నంబరు చూపిస్తుంది. ఆ నంబరు పట్టాదారు పాస్‌బుక్కు వెనక అట్ట మీద రాసిపెట్టుకోండి. మళ్లీ మళ్లీ కావాల్సి వస్తుంది.

స్టేటస్ పేజీ తెరవగానే అందరి కళ్లూ విడతల పట్టిక మీదికి వెళ్తాయి. ముందు అర్హత వివరాలు చూడండి. అక్కడ మూడు గళ్లు ఉంటాయి: ల్యాండ్ సీడింగ్ (మీ భూమి రికార్డు పథకంలో మీ పేరుకు జతకావడం), ఈ-కేవైసీ (ఆ రైతు మీరేనని ఆధార్‌తో నిర్ధారించడం), ఆధార్ బ్యాంక్ అకౌంట్ సీడింగ్ (మీ బ్యాంకు ఖాతా ఆధార్‌కు జతకావడం). మూడింటికీ ఎదురుగా "ఎస్" అని ఉండాలి. ఏ ఒక్కదానికి "నో" ఉన్నా డబ్బు రాదు. ఏ గడిలో "నో" ఉందో అదే మీరు వెళ్లాల్సిన దారి.

మూడూ "ఎస్" ఉండి విడత దగ్గర "ఎఫ్‌టీఓ జనరేటెడ్, పేమెంట్ కన్ఫర్మేషన్ పెండింగ్" అని ఉంటే చెల్లింపు ఆదేశం తయారైందని అర్థం. కొన్నిరోజులు ఆగండి, పరుగెత్తకండి. "వెయిటింగ్ ఫర్ అప్రూవల్ బై స్టేట్" అని ఉంటే రాష్ట్రం ఆమోదం ఇంకా పడలేదు. అప్పుడు వ్యవసాయ శాఖ వాళ్లను కలవాలి, బ్యాంకులో అడిగి లాభం లేదు.

స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లకు ఇంట్లో పిల్లలెవరైనా చూసిపెట్టవచ్చు. ఊరి మొత్తం లబ్ధిదారుల జాబితా కూడా అదే వెబ్‌సైట్‌లో రాష్ట్రం, జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుంటే కనిపిస్తుంది, దానికి ఓటీపీ అక్కర్లేదు.

మూడో మెట్టు: ఈ-కేవైసీ

మూడింటిలో ఇదే సులువు. ఆధార్‌కు మీ ఫోన్ నంబరు లింక్ అయి ఉంటే వెబ్‌సైట్‌లో ఓటీపీతో రెండు నిమిషాల్లో అయిపోతుంది. లేకపోతే మీసేవకో, కామన్ సర్వీస్ సెంటర్‌కో వెళ్లి వేలిముద్ర వేయాలి.

మన పెద్దవాళ్లకు వేలిముద్రే పెద్ద సమస్య. జీవితమంతా పార పట్టిన చేతులు, నాట్లు వేసిన చేతులు. గీతలు అరిగిపోయి మిషన్ తీసుకోదు. పదిసార్లు నొక్కించి "నీ వేలు పనికిరాదు పో" అని పంపేస్తుంటే చూడలేం. దీనికి దారి ఉంది. 2023లో పీఎం కిసాన్ మొబైల్ యాప్‌లో ముఖం చూపించి కేవైసీ చేసుకునే పద్ధతి తెచ్చారు. ఓటీపీ గానీ, వేలిముద్ర గానీ అక్కర్లేదు. వెలుతురు బాగా ఉన్నచోట కూర్చోబెట్టి, కళ్లజోడు తీయించి, కన్ను ఆర్పమన్నప్పుడు ఆర్పిస్తే చాలు. ఒక్క ఫోన్‌తో ఇంట్లో, పక్కింట్లో వాళ్లకూ చేసిపెట్టవచ్చు. మీ ఊళ్లో ఎవరికైనా వేలిముద్ర పడక ఆగిపోయిందని తెలిస్తే దయచేసి వాళ్లింటికి వెళ్లి ఇది చేసిపెట్టండి.

యాప్ మాత్రం ప్లేస్టోర్‌లోంచే తీసుకోండి. వాట్సాప్‌లో "పీఎం కిసాన్" పేరుతో వచ్చే ఏపీకే ఫైల్ నొక్కితే ఖాతాలో ఉన్నది కూడా పోతుంది. ప్రభుత్వం ఏ పథకానికీ అలా ఫైలు పంపదు.

నాలుగో మెట్టు: బ్యాంకు ఖాతా, అసలు చిక్కంతా ఇక్కడే

కొంచెం ఓపిగ్గా చదవండి. నేను చూసిన కేసుల్లో ఎక్కువ ఇక్కడ ఆగినవే.

"నా ఖాతాకు ఆధార్ లింక్ అయ్యే ఉంది" అని అందరూ అంటారు, బ్యాంకువాళ్లూ అంటారు. అబద్ధం కాదు. కానీ ఆధార్ నంబరు ఖాతాలో నమోదు కావడం ఒకటి, ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) మ్యాపర్‌లో, అంటే ఏ ఆధార్‌కు ఏ బ్యాంకు అని చూపే జాబితాలో, ఆ ఖాతా ఉండటం ఇంకొకటి. ప్రభుత్వం డబ్బు పంపేటప్పుడు మీ ఖాతా నంబరు చూడదు, ఆధార్ నంబరే చూస్తుంది. ఈ ఆధార్‌కు ఏ బ్యాంకు అని మ్యాపర్‌ను అడుగుతుంది. మ్యాపర్‌లో ఒక ఆధార్‌కు ఒక్క బ్యాంకే ఉంటుంది, ఆఖరున ఏ బ్యాంకు సీడింగ్ చేస్తే అదే. మీకు నాలుగు బ్యాంకుల్లో ఖాతాలుండి నాలుగింటికీ ఆధార్ ఇచ్చినా డబ్బు వెళ్లేది ఆ ఒక్కదానికే.

మా పెదనాన్నకు రెండు విడతలు రాలేదు. ఎప్పుడూ డబ్బు పడే బ్యాంకుకు నాలుగుసార్లు వెళ్లాడు. ఆధార్ లింకైంది, మా తప్పేమీ లేదన్నారు. ఆయన నా దగ్గరికి వచ్చినప్పుడు చేతిలో ఎరువుల బస్తా దారంతో కట్టిన ప్లాస్టిక్ కవరుంది. అందులో పట్టాదారు పాస్‌బుక్కు, ఆధార్, రెండు బ్యాంకు పాస్‌బుక్కులు, ఎప్పటివో జిరాక్సులు. పోర్టల్‌లో చూస్తే మూడు గళ్లూ "ఎస్". విడతల దగ్గర డబ్బు జమైనట్టే ఉంది! ఎక్కడికి? మై ఆధార్ వెబ్‌సైట్‌లో "బ్యాంక్ సీడింగ్ స్టేటస్" తెరిచాం. ఓటీపీ చెప్పాక వచ్చిన బ్యాంకు పేరు చూసి ఆయన "ఇందులో నాకు ఖాతానే లేదురా" అన్నాడు. కాసేపు ఆలోచించాక గుర్తొచ్చింది. సంతలో ఎవరో టేబుల్ వేసుకుని కూర్చుని, వేలిముద్ర వేస్తే ఖాతా ఇస్తామంటే వేశాడట. పాస్‌బుక్కు కూడా ఇవ్వలేదు. ఆ బ్యాంకు శాఖకు ఆధార్ పట్టుకెళ్తే ఖాతా దొరికింది, నాలుగు వేలూ అందులోనే ఉన్నాయి.

కాబట్టి ఇలా చేయండి. మై ఆధార్ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూడండి. బ్యాంకు పేరు, స్టేటస్ యాక్టివ్‌గా ఉందా లేదా, ఏ తేదీన మారిందో చూపిస్తుంది. ఇనాక్టివ్ అని ఉంటే, లేదా మీకు అక్కర్లేని బ్యాంకు ఉంటే, మీరు వాడే బ్యాంకుకు వెళ్లి "ఆధార్ లింక్ చేయండి" అనకండి. "డీబీటీ కోసం ఎన్‌పీసీఐలో నా ఆధార్ సీడింగ్ చేయండి" అని అడగండి. డీబీటీ అంటే ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో పడే పద్ధతి. ఈ సీడింగ్‌కు విడిగా సమ్మతి పత్రం ఉంటుంది. అందులో ఇంతకుముందున్న బ్యాంకు నుంచి మార్చమని రాసే చోటు కూడా ఉంటుంది, పాత బ్యాంకు పేరు తప్పక రాయండి. పత్రం కాపీ మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకోండి. కొన్నిరోజుల తర్వాత మళ్లీ స్టేటస్ చూడండి.

బ్యాంకు దూరమైతే పోస్టాఫీసులో పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ ఖాతా తెరిచి డీబీటీకి సీడింగ్ చేయించుకోవచ్చు. పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి కూడా తెరుస్తారు. అయితే అప్పటి నుంచి గ్యాస్ సబ్సిడీ లాంటి ఆధార్ మీద వచ్చే డబ్బంతా ఆ ఖాతాకే వస్తుంది. ఇది ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి, లేకపోతే వాటి కోసం మళ్లీ వెతుకులాట.

ఐదో మెట్టు: భూమి రికార్డు

ల్యాండ్ సీడింగ్ "నో" ఉంటే రెవెన్యూ వైపు చూడాలి. ఆంధ్రలో మీభూమి వెబ్‌సైట్‌లో మీ 1బి, అడంగల్ (భూమి రికార్డు పత్రాలు) తీసుకోండి. మూడు విషయాలు సరిచూడండి: పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా, భూమి ఖాతా నంబరు మీదేనా, ఆ ఖాతాకు ఎక్కిన ఆధార్ మీదేనా. పేరులో ఇంటిపేరు తేడాలు, "సుబ్బారావు" ఒకచోట "వెంకట సుబ్బారావు" అవ్వడం మామూలే. ఆధార్ తప్పు పడితే నష్టం ఎక్కువ, ఎందుకంటే మీ భూమి మీద ఇంకొకరిని లబ్ధిదారుగా చూపిస్తుంది. దీన్ని సరిచేసేది వీఆర్వో, తహసీల్దార్. రీసర్వే అయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల బదులు ఎల్పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. పాత కాగితంతో వెళ్తే మీ భూమి దొరకలేదంటారు, కొత్త నంబరు తెలుసుకుని వెళ్లండి.

తెలంగాణలో భూమి రికార్డుల ధరణి పోర్టల్ స్థానంలో 2025 ఏప్రిల్ నుంచి భూభారతి వచ్చింది. రైతు భరోసా పట్టాదారు పాస్‌బుక్కు ఉన్న సాగు భూమికే వస్తుంది. ప్లాట్లు చేసిన భూమి, గుట్టలు, సాగుకు పనికిరానిది తీసేశారు. సాగు చేస్తున్న భూమిని పొరపాటున అలా రాసి ఉంటే మీ క్లస్టర్ ఏఈఓకు (వ్యవసాయ విస్తరణ అధికారికి) దరఖాస్తు ఇచ్చి పొలం దగ్గరికి వచ్చి చూడమని అడగండి. కొత్తగా పాస్‌బుక్కు వచ్చినవాళ్లు దాని జిరాక్సు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు జిరాక్సులు రైతు వేదికలో ఏఈఓకు ఇచ్చి పేరు ఎక్కించుకోవాలి.

రెండు రాష్ట్రాల్లోనూ రైతు విశిష్ట గుర్తింపు సంఖ్య నమోదు చేస్తున్నారు. ఆంధ్రలో పీఎం కిసాన్‌కు కొత్తగా దరఖాస్తు చేసేవారికి 2025 నుంచి అది తప్పనిసరి. ఆధార్, భూమి కాగితాలు, ఆధార్‌కు లింకైన ఫోను పట్టుకుని వెళ్తే రైతు సేవా కేంద్రంలో చేస్తారు.

ఇంటి పెద్ద పోయినప్పుడు

దుఃఖంలో ఉన్న ఇంట్లో కాగితాల మాట ఎత్తాలంటే నోరు రాదు. అయినా చెప్పాలి. చనిపోయినవారి పేరున పడిన విడతను ఏటీఎం కార్డుతో తీసుకోకండి, తర్వాత రికవరీ అంటారు. వ్యవసాయ శాఖకు మరణ సమాచారం ఇచ్చి, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రంతో భూమిని వారసుల పేరున మార్పించుకోండి. తెలంగాణలో దీన్నే ఫౌతీ, విరాసత్ అంటారు. అది అయ్యాకే వారసుడు కొత్తగా దరఖాస్తు పెట్టుకోగలడు. తెలంగాణలో 18 నుంచి 59 ఏళ్ల మధ్య వయసు పట్టాదారు చనిపోతే రైతు బీమా కింద నామినీకి 5 లక్షలు వస్తాయి. దాని కోసం ముందు ఏఈఓను కలవండి, మిగతావి తర్వాత.

కౌలు రైతులు

పీఎం కిసాన్ కౌలు రైతులకు రాదు, రైతు భరోసా కూడా పట్టాదారు పేరునే పడుతోంది. దుక్కి దున్ని, మందు కొట్టి, అప్పు తెచ్చేది కౌలుదారు అయినప్పుడు ఇది అన్యాయమని నా అభిప్రాయం. ఆంధ్రలో మాత్రం అర్హులైన కౌలుదారులకు అన్నదాత సుఖీభవ ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. దానికి పంట సాగుదారు హక్కు పత్రం, అంటే సీసీఆర్‌సీ కార్డు ఉండాలి, ఈ-క్రాప్‌లో (పంటల ఆన్‌లైన్ నమోదులో) పంట మీ పేరున నమోదు కావాలి. 2019 చట్టం ప్రకారం ఈ ఒప్పందం 11 నెలలకే. భూమి మీద కౌలుదారుకు ఏ హక్కూ రాదు. యజమానులు భయపడి సంతకం పెట్టరు కాబట్టి ఈ మాట వాళ్లకు కాగితం చూపించి చెప్పండి. గ్రామ వ్యవసాయ సహాయకుణ్ణి వెంటబెట్టుకుని వెళ్తే ఇంకా మంచిది.

అన్నీ సరిగ్గా ఉన్నా రాకపోతే

పీఎం కిసాన్ హెల్ప్‌లైన్ 155261. అన్నదాత సుఖీభవకు 155251. ఆంధ్రలో 9552300009 నంబరుకు వాట్సాప్‌లో "హాయ్" పెట్టి మన మిత్ర సేవల్లోనూ చూడవచ్చు. పీఎం కిసాన్‌కు కిసాన్ ఈ-మిత్ర చాట్‌బాట్ తెలుగులోనే జవాబిస్తుంది. ఫోన్లో చెప్పింది తేలకపోతే సోమవారం ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, తెలంగాణలో ప్రజావాణిలో అర్జీ పెట్టండి.

అర్జీలో "నాకు డబ్బులు రాలేదు, దయచేసి ఇప్పించండి" అని రాస్తే అది పది ఆఫీసులు తిరుగుతుంది. ఇలా రాయండి: "నా పీఎం కిసాన్ రిజిస్ట్రేషన్ నంబరు ఇది. ఫలానా తేదీన పోర్టల్‌లో చూస్తే ఈ-కేవైసీ, బ్యాంకు సీడింగ్ ఎస్ అని, ల్యాండ్ సీడింగ్ నో అని ఉంది. నా 1బి ఖాతా నంబరు ఇది, కాపీ జత చేశాను. 2019 ఫిబ్రవరి 1కి ముందు నుంచి భూమి నా పేరునే ఉంది. ల్యాండ్ సీడింగ్ సరిచేయించగలరు." స్టేటస్ పేజీ ప్రింటు వెనక జత చేయండి. అర్జీ తీసుకున్నాక ఇచ్చే రసీదు నంబరును రిజిస్ట్రేషన్ నంబరు కిందే, ఆ పాస్‌బుక్కు వెనక అట్ట మీదే రాసుకోండి. పదిహేను రోజుల తర్వాత మళ్లీ వెళ్లినప్పుడు మొదట ఆ నంబరే అడుగుతారు.